లినక్స్‌కి ఏ పుస్తకం కొనాలి? అట్ట కాదు, ముందు ఇండెక్స్ చూడు

ప్రశ్న: "అన్నయ్యా, బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సులో చేరాను. క్లాసులో చెప్పింది హాస్టల్‌కి వచ్చేసరికి మర్చిపోతున్నాను. మంచి రిఫరెన్స్ పుస్తకం కొందామని కోఠీ వెళ్తే షాపాయన పన్నెండు వందల పేజీల పుస్తకం చేతిలో పెట్టాడు. ఫ్రెండ్ పద్నాలుగు పీడీఎఫ్‌లు పంపింది. సీనియర్ ఒకాయన గాల్విన్ చదవమన్నాడు. దేంతో మొదలుపెట్టాలి? తెలుగులో ఏమైనా చదవచ్చా?"

అన్నయ్యా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, చెల్లెమ్మా. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ల పనిలో నాకు పదిహేనేళ్లు దాటాయి. ఇంట్లో ఒక అలమారా నిండా లినక్స్ పుస్తకాలున్నాయి, వాటిలో సగం కొనకుండా ఉండాల్సినవి. ఈ విషయంలో నా అనుభవం అంటే ఎక్కువగా డబ్బు తగలేసుకున్న అనుభవమే.

నీకు సలహా ఇచ్చినవాళ్లెవరూ తప్పు చెప్పలేదు. కాకపోతే ముగ్గురూ మూడు వేరు వేరు వస్తువుల గురించి చెప్పారు. గాల్విన్ అని మనవాళ్లు పిలుచుకునేది, అదే అట్ట మీద డైనోసార్లుండే పుస్తకం, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో చెప్పే పాఠ్యపుస్తకం. 1983లో మొదలై పదో ఎడిషన్ దాకా వచ్చింది. గేట్ రాసేవాళ్లకీ క్యాంపస్ ఇంటర్వ్యూలకీ అది కావాల్సిందే. డెడ్‌లాక్ ఎందుకొస్తుంది, పేజింగ్ అంటే ఏమిటి, సీపీయూని ప్రాసెస్‌లకు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు, ఎలా పంచుతారు, అన్నీ ఉంటాయి. కానీ బ్యాంకర్స్ అల్గారిథమ్ కంఠతా వచ్చినవాడికి కూడా కొత్త డిస్కు మౌంట్ చేయడం, అంటే సిస్టమ్‌కి కలిపి వాడుకలోకి తేవడం, అందులోంచి రాదు. అడ్మిన్ ఉద్యోగానికి నిన్ను అడిగేది ఆ రెండోదే. సిద్ధాంతం మీద ఆసక్తి పుడితే తర్వాత చదువుకో. అప్పుడు కూడా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఆర్పాచీ-డుస్సో దంపతుల 'ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్' ముందు చూడు. ఇంటర్నెట్‌లో వాళ్లే ఉచితంగా పెట్టారు, గాల్విన్ కన్నా హాయిగా సాగుతుంది.

షాపాయన ఇచ్చింది రిఫరెన్స్ పుస్తకం. అది ఏం వెతకాలో తెలిసినవాళ్లకి పనికొస్తుంది. నీ ఇబ్బంది అది కాదు కదా, క్లాసులో విన్నది నిలవడం లేదు. అంటే నీకిప్పుడు కావాల్సింది పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే పుస్తకం. రెండూ ఒకే పుస్తకంలో దొరుకుతాయనుకునే చాలామంది లావుపాటిది కొంటారు. మొదటి అధ్యాయం అండర్‌లైన్లతో నిండిపోతుంది, మూడో అధ్యాయం నుంచి పేజీలు తెల్లగా మెరుస్తుంటాయి. నా అలమారాలో అలాంటివి నాలుగున్నాయి.

ఇంకో సంగతి. అసలు రిఫరెన్స్ పుస్తకం నీ మెషీన్‌లో ఇప్పటికే ఉంది, దాని పేరు మ్యాన్, కమాండ్ల మాన్యువల్‌ని తెర మీదే చూపించే కమాండ్. లినక్స్‌కి నమూనా అయిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్. దాని మొదటి మాన్యువల్ మీద తేదీ 1971 నవంబర్ 3. యూనిక్స్‌ని తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలే రాశారు. ఒక్కో కమాండ్‌కి పేరు, వాడే తీరు, వివరణ, చివర 'బగ్స్' అని తమ తప్పులు తామే ఒప్పుకునే భాగం: ఇప్పుడు నువ్వు చూసే మ్యాన్ పేజీ ఎముకల గూడు అప్పటిదే. అమీర్‌పేటలో చాలామంది గురిపెట్టే, రెడ్‌హ్యాట్ కంపెనీ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షలో టిక్కు పెట్టే ప్రశ్నలుండవు, మెషీన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు. ఇంటర్నెట్ ఉండదు, నోట్సు తీసుకెళ్లనివ్వరు. సిస్టమ్‌తో పాటు వచ్చే డాక్యుమెంటేషన్ మాత్రం తెరుచుకోవచ్చు. పరీక్ష హాల్లోకి నీతో వచ్చే పుస్తకం అదొక్కటే అయినప్పుడు దాన్ని చదవడం రాకుండా బయటి పుస్తకాలు ఎన్ని కొని ఏం లాభం?

మరి మ్యాన్ చాలదా అంటే, చాలదు. అది తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నది. మనం కొట్టే కమాండ్లను అందుకునే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు, బ్యాష్ అలాంటిదే. దాని మ్యాన్ పేజీ అచ్చు తీస్తే 80 పేజీలు దాటుతుంది, ఒక్క ఓనమాలు కూడా నేర్పదు. పైగా కొత్తవాళ్లు మొదటి వారంలోనే దెబ్బతింటారు. 'మ్యాన్ సీడీ' అని కొడితే చాలా మెషీన్లలో అలాంటి పేజీ లేదంటుంది. కారణం, ఒక డైరెక్టరీ నుంచి ఇంకో దాంట్లోకి వెళ్లే సీడీ అనేది విడి ప్రోగ్రామ్ కాదు, షెల్ లోపలి కమాండ్. దానికి 'హెల్ప్ సీడీ' అని కొట్టాలి. ఇది ఎవరూ చెప్పకపోతే మ్యాన్ దండగ అనుకుని గూగుల్ దారి పడతారు.

అలాగే మ్యాన్‌కి 8 భాగాలున్నాయని తెలియకపోతే సగం సమాచారం కంట పడదు. 1వ భాగం మామూలు కమాండ్లు, 5వది ఫైళ్ల ఫార్మాట్లు, 8వది అడ్మిన్ కమాండ్లు. నీకు ముందు ఈ మూడూ చాలు. ఏ పని ఏ వేళకి దానంతటదే నడవాలో రాసే పట్టిక క్రాన్‌ట్యాబ్. 'మ్యాన్ క్రాన్‌ట్యాబ్' అంటే కమాండ్ పేజీ వస్తుంది, పట్టికలోని అయిదు గళ్లలో (నిమిషం, గంట, తేదీ, నెల, వారం) ఏం రాయాలో సరిగా ఉండదు. 'మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్' అంటే అసలు పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీలో ఒక మూల ఉన్న మాట చాలామంది అడ్మిన్‌లకే తెలియదు: తేదీ గడినీ వారం గడినీ రెండూ నింపితే, రెండూ కలిసినప్పుడు కాదు, రెండిట్లో ఏది కుదిరినా పని నడుస్తుంది. '30 4 1,15 * 5' అని రాస్తే 1, 15 తేదీల్లో తెల్లవారుజామున నాలుగున్నరకీ నడుస్తుంది, అవి కాక ప్రతి శుక్రవారమూ నడుస్తుంది. నెల మొదటి తేదీ సోమవారమైతేనే బ్యాకప్ తీయాలనుకుని రెండు గళ్లూ నింపినవాడికి నెలకి అయిదారు బ్యాకప్‌లు పడతాయి.

అందుకే నేను పుస్తకానికి పెట్టే మొదటి పరీక్ష ఇది. మ్యాన్ చెప్పలేనిది ఇది చెబుతోందా? ఏ ఆప్షన్ ఏం చేస్తుందో మ్యాన్ చెబుతుంది. అలా ఎందుకు చేస్తుందో పుస్తకం చెప్పాలి. ఆప్షన్ల పట్టికలే పేజీలకు పేజీలు అచ్చేసిన పుస్తకం మ్యాన్‌కి జిరాక్స్ కాపీ, దానికి డబ్బెందుకు?

ఇది నాకు తెలిసొచ్చిన రాత్రి సంగతి చెప్తాను. మొదటి ఉద్యోగం, నైట్ షిఫ్ట్, నేనొక్కడినే. ఒక సర్వర్‌లో డిస్కు నూరు శాతం నిండిందని అలర్ట్ వచ్చింది. వెతికితే ఒక లాగ్ ఫైలు, అంటే ప్రోగ్రామ్ తను చేసినవన్నీ రాసుకునే ఫైలు, కొండలా పెరిగి ఉంది. తీసేశాను. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొట్టి చూస్తే ఇంకా నూరు శాతమే. ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొడితే మాత్రం ఖాళీ ఉన్నట్టు చూపిస్తోంది. రెండు కమాండ్లు రెండు మాటలు చెబుతుంటే చెమటలు పట్టాయి. బల్ల మీద జీతం డబ్బులతో కొన్న లావుపాటి పుస్తకం ఉంది. ఇండెక్స్‌లో డీఎఫ్ ఉంది, డీయూ ఉంది, రెండింటికీ ఆప్షన్ల పట్టికలున్నాయి. ఆ రెండూ ఎప్పుడు పొసగవో ఒక్క ముక్క లేదు. తెల్లారాక సీనియర్ వచ్చి, తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి, ఆ ఫైల్ని పట్టుకుని వదలని ప్రాసెస్‌ని చూపించి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే క్షణంలో డిస్కు ఖాళీ అయింది.

సంగతేమిటంటే, లినక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. పేరు డైరెక్టరీ అనే రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. ఫైలు అసలు వివరాలు ఐనోడ్ అనే వేరే రికార్డులో ఉంటాయి. ఫైలు తీసేసే ఆర్‌ఎమ్ కమాండ్ చేసేది రిజిస్టర్‌లో పేరు కొట్టేయడం మాత్రమే. ఇంటి గుమ్మం మీద నంబరు పలక పీకేసినంత మాత్రాన లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినట్టు కాదు కదా. ఆ ఫైలు తెరిచి పెట్టుకున్న ప్రాసెస్ ఉన్నంతసేపూ స్థలం విడుదల కాదు. డీయూ రిజిస్టర్‌లో పేర్లు చూసి లెక్కేస్తుంది, డీఎఫ్ డిస్కులో నిజంగా ఎంత వాడకంలో ఉందో చెబుతుంది. రెండూ నిజమే చెప్పాయి. ప్రాసెస్ రాస్తూనే ఉన్న లాగ్‌ని తీసేయకూడదు, ట్రంకేట్ కమాండ్‌తో దాని సైజు సున్నా చేయాలి.

ఈ ఒక్క ముక్క అర్థమైతే ఇంకో మూడు విషయాలు వాటంతటవే విడిపోతాయి. హార్డ్ లింక్ అంటే ఒకే ఐనోడ్‌కి రిజిస్టర్‌లో రెండో పేరు. సింబాలిక్ లింక్ అంటే 'ఫలానా పేరు దగ్గరికి వెళ్లు' అని రాసిన చీటీ. ఇక ఫైలు మీద రైట్ పర్మిషన్ లేకపోయినా దాన్ని ఎలా తీసేయగలుగుతున్నాం? కొట్టేసేది రిజిస్టర్‌లో పేరు కాబట్టి రిజిస్టర్ మీద, అంటే డైరెక్టరీ మీద, పర్మిషన్ ఉంటే చాలు. తాత్కాలిక ఫైళ్ల కోసం అందరూ రాయగలిగే టీఎంపీ డైరెక్టరీలో ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయకుండా స్టికీ బిట్ అనే గుర్తు పెట్టింది కూడా అందుకే. ఇంటర్వ్యూలో ఇవి మూడు విడి ప్రశ్నల్లా వస్తాయి, వేరు ఒకటే.

కాబట్టి షాపులో నిలబడి పది నిమిషాలు ఇలా చెయ్యి. మొదటి అధ్యాయం చదవకు. మొదటి అధ్యాయం ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటుంది, లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఏం చేశాడో అందరూ చక్కగానే రాస్తారు. నేరుగా వెనక్కి వెళ్లి ఇండెక్స్ తెరువు. ఇండెక్సే లేకపోతే పుస్తకం అక్కడే పెట్టేసి వచ్చెయ్. ఉంటే ఐనోడ్ అన్న మాట పట్టుకుని ఆ పేజీకి వెళ్లు. నేను పైన చెప్పిన రిజిస్టర్ కథ ఏదో ఒక రూపంలో అక్కడ ఉందా? తర్వాత, డైరెక్టరీ మీద ఎక్స్ పర్మిషన్ అంటే ఏమిటో ఎలా చెప్పారో చూడు. 'ఎగ్జిక్యూట్' అని ఒక్క మాట రాసి వదిలేస్తే రచయితకే సరిగా తెలియదని అర్థం. డైరెక్టరీని నడపడమేమిటి? ఆ దారిన లోపలికి వెళ్లడానికి అనుమతి అని విడమరిచి చెప్పాలి. క్రాన్ దగ్గర తేదీ, వారం తిరకాసు చెప్పారేమో చూడు. మూడింట్లో రెండు దొరికితే ఆ పుస్తకం మంచిదే.

ఇక పుస్తకం వయసు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతారు. కాపీరైట్ పేజీలో రీప్రింట్ సంవత్సరం చూసి కొత్తదనుకుంటారు. చూడాల్సింది ఆ ఎడిషన్ మొదట ఎప్పుడు వచ్చిందన్నది. లినక్స్‌లో 2014-15 ఒక పెద్ద గట్టు. లినక్స్ రకాల్లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7తో 2014లో, డెబియన్ 8, ఉబుంటు 15.04తో 2015లో సిస్టమ్‌డీ అనే కొత్త పెత్తందారు ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంది. మెషీన్ లేవడం, సర్వీసులు నడపడం, లాగ్‌లు చూడటం అన్నీ మారిపోయాయి. అంతకుముందు పుస్తకాల్లో రన్‌లెవెల్స్, ఇనిట్‌ట్యాబ్ ఫైలు అనే పాత పద్ధతుల మీద అధ్యాయాలుంటాయి. అవి ఇప్పుడు నేర్చుకుంటే తర్వాత మర్చిపోవడం ఇంకో పని. ఇండెక్స్‌లో సిస్టమ్‌డీ కమాండ్లయిన సిస్టమ్‌సీటీఎల్, జర్నల్‌సీటీఎల్ ఉన్నాయో లేవో చూస్తే చాలు. నెట్‌వర్క్ అధ్యాయం మొత్తం ఐఎఫ్‌కాన్ఫిగ్, నెట్‌స్టాట్ అనే పాత కమాండ్లతోనే నడిచి, వాటి చోట వచ్చిన ఐపీ, ఎస్ఎస్ కమాండ్ల ఊసు లేకపోయినా పాతదే. ఇప్పటి సర్వర్లలో చాలావాటిలో ఐఎఫ్‌కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ అయి కూడా ఉండదు.

అయితే పాతదంతా చెత్త కాదు. షెల్, పైపులు, పర్మిషన్లు, టెక్స్ట్‌తో పనిచేసే గ్రెప్, ఆక్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, వీఐ ఎడిటర్: వీటి మీద ముప్పై ఏళ్ల నాటి పుస్తకం దొరికినా కళ్లకద్దుకుని కొను. కాలేజీలో చాలామందిమి చదివిన సుమితాభ దాస్ యూనిక్స్ పుస్తకం ఆ భాగాలకు ఇప్పటికీ పనికొస్తుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అలాంటివి కనపడితే వదలకు. సర్వీసులు, నెట్‌వర్క్, ఫైర్‌వాల్, ప్యాకేజీల మేనేజర్ ఉన్నవి మాత్రం ఫుట్‌పాత్ మీద కొనకు.

పేర్లు చెప్పమంటావు, నాకు తెలుసు. మొదటిది విలియం షాట్స్ రాసిన 'ద లినక్స్ కమాండ్ లైన్'. రెండో ఎడిషన్ 2019. కీబోర్డ్ ముందు కూర్చోబెట్టి ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు, షెల్ స్క్రిప్టింగ్ దాకా తీసుకెళ్తాడు. పీడీఎఫ్ రచయితే తన సైట్‌లో ఉచితంగా ఇస్తున్నాడు, కాబట్టి మొదటి నెల రూపాయి ఖర్చు లేదు. దీంట్లో అడ్మిన్ పని పెద్దగా ఉండదు, అది తెలుసుకునే చదువు. రెండోది బ్రయాన్ వార్డ్ 'హౌ లినక్స్ వర్క్స్', 2021 నాటి మూడో ఎడిషన్. మెషీన్ స్విచ్ వేసిన దగ్గర్నుంచి లాగిన్ వచ్చేదాకా లోపల ఏం జరుగుతుందో, డిస్కులు, నెట్‌వర్క్ ఎలా నడుస్తాయో చెబుతుంది. నన్నడిగితే డబ్బు పెట్టి కొనాల్సింది ఇదే. జాగ్రత్త, 2004 నాటి మొదటి ఎడిషన్ కూడా ఇదే పేరుతో పాత పుస్తకాల షాపుల్లో తిరుగుతుంటుంది.

షాపాయన చేతిలో పెట్టింది, పేజీల లెక్క చూస్తే, ఎవీ నెమెత్ బృందం రాసిన 'యూనిక్స్ అండ్ లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ హ్యాండ్‌బుక్' అయి ఉంటుందని నా ఊహ. అదే అయితే ఆయన్ని తిట్టుకోకు, మంచి పుస్తకమే ఇచ్చాడు, రెండేళ్లు ముందుగా ఇచ్చాడు. 1989 నుంచి వస్తోంది. దాని గొప్పతనం ఏమిటంటే రచయితలు గోడ మీద పిల్లిలా ఉండరు, ఇది వాడండి, దాని జోలికి పోకండి అని మొహం మీదే చెప్తారు. నెమెత్ గారు 2013లో న్యూజీలాండ్ నుంచి ఆస్ట్రేలియాకి తెరచాప ఓడలో వెళ్తూ టాస్మాన్ సముద్రంలో గల్లంతయ్యారు, ఓడా దొరకలేదు, మనుషులూ దొరకలేదు. 2017లో వచ్చిన అయిదో ఎడిషన్‌ని మిగతావాళ్లు పూర్తిచేశారు. ఉద్యోగంలో చేరి ఏడాది గడిచాక కొనుక్కో, అదీ అయిదోదే. చవగ్గా దొరికే నాలుగో ఎడిషన్ 2010 నాటిది, అందులో ఇప్పుడు నువ్వు చూడబోని హెచ్‌పీ-యూఎక్స్ లాంటి పాత యూనిక్స్ రకాలకి బోలెడు పేజీలు పోయాయి.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ గైడ్లు వేరే సంగతి. నువ్వు రాయబోయే పరీక్ష రెడ్‌హ్యాట్ ఏ వెర్షన్ మీద ఉందో ముందు చూసుకుని, ఆ వెర్షన్ నంబరు అట్ట మీద ఉన్నదే కొను. పరీక్ష అయ్యాక జూనియర్‌కి అమ్మెయ్.

నీ కోర్సువాళ్లు ఇచ్చే జిరాక్స్ మెటీరియల్‌ని చిన్నచూపు చూడకు. ఆపరేటింగ్ సిస్టమ్స్ చరిత్రలోనే పేరుమోసిన పుస్తకం ఒకటి జిరాక్స్ కాపీలుగానే బతికింది. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ 1970లలో యూనిక్స్ ఆరో ఎడిషన్ సోర్స్ కోడ్‌కి వ్యాఖ్యానం రాశారు. 1979లో ఏడో ఎడిషన్ లైసెన్సుతో, యూనిక్స్ హక్కులున్న ఏటీ అండ్ టీ సంస్థ కోడ్‌ని క్లాసుల్లో పాఠంగా చెప్పకూడదంది. ఇక ఆ పుస్తకం చేతులు మారుతూ, కాపీకి కాపీ తీసుకుంటూ తిరిగింది. అధికారికంగా అచ్చయింది 1996లో. అదే లైసెన్సు పుణ్యమా అని టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ విద్యార్థుల కోసం మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు, దాన్ని చదువుకుని లినస్ తన కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, మొదలుపెట్టాడు. కాబట్టి జిరాక్సు ఉంచుకో, కాకపోతే దాంట్లో ప్రతి కమాండ్‌కీ పక్కన మ్యాన్ తెరిచి సరిచూసుకో. ఎన్ని బ్యాచ్‌ల నుంచి ఆ తప్పులు అలాగే వస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

తెలుగు సంగతి. పరిచయం కోసం తెలుగులో ఏది దొరికినా చదువు, భయం పోతుంది. కానీ ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, మ్యాన్ ఇంగ్లీషులో ఉంటుంది, ఆ ఇంగ్లీషుకి కన్ను అలవాటు పడక తప్పదు. నేను చేసిన పని చెప్తాను. పుస్తకం ఇంగ్లీషులో చదివి, నోట్సు తెలుగులో రాసుకునేవాణ్ని, మా అమ్మకి చెబుతున్నట్టు. పైన చెప్పిన రిజిస్టర్, నంబరు పలక ఆ నోట్సులోవే. తెలుగులో ఒక వాక్యం రాయలేకపోయిన చోట నాకు అర్థం కాలేదని తేలిపోయేది, మళ్లీ వెనక్కి వెళ్లేవాణ్ని.

పుస్తకం పక్కన మెషీన్ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. 8 జీబీ ల్యాప్‌టాప్ ఉంటే దాంట్లోనే ఇంకో ఉత్తుత్తి మెషీన్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో 2 జీబీ ఇచ్చి, రెడ్‌హ్యాట్ లాంటివే అయిన ఆల్మాలినక్స్ గానీ రాకీ లినక్స్ గానీ వేసుకో. సెంటోస్ 7 వేసుకోమని ఎవరైనా చెబితే వినకు, 2024 జూన్ 30తో దాని ఆయుష్షు తీరింది. డాకర్ కంటైనర్‌లో, అంటే ఒక పనికి కావాల్సినంత మటుకే సర్దిన చిన్న లినక్స్ పెట్టెలో, నేర్చుకుందామనుకోకు. అక్కడ సైజు తగ్గించడానికి మ్యాన్ పేజీలు పీకేసి ఉంటారు, మ్యాన్ కొడితే ఏమీ రాదు, తప్పు నీదనుకుంటావు.

చివరగా ఆ పద్నాలుగు పీడీఎఫ్‌లు. షాట్స్ పుస్తకం వాటిలో ఉంటే దాన్ని కూడా తీసేసి, ఆయన సైట్ నుంచి తాజాది దింపుకో. మిగతా పదమూడూ ఒక ఫోల్డర్‌లో పడేసి, ఫోల్డర్ మీద నీకు రైట్ పర్మిషన్ తీసేసి, ఒక ఫైల్ని ఆర్‌ఎమ్ చేసి చూడు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుగులో రెండు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు, చూస్తాను.